పల్లెబస్సు – పదిమంది సొమ్ము

తెల్లవారినది. ఊరి చివర రావిచెట్టు క్రింద పదిమంది నిలిచియున్నారు. ఒక ముసలమ్మ పట్టణపు ఆసుపత్రికి పోవలెను. ఒక రైతు రెండు కూరగాయల గంపలతో సంతకు బయలుదేరినాడు. నలుగురు బాలికలు పుస్తకముల సంచులు భుజములకు తగిలించుకొని ఉన్నత పాఠశాలకు పోవుటకు సిద్ధముగా నున్నారు. ఇంతలో దూరమున దుమ్ము లేచినది. "అదిగో, బస్సు!" అని ఒక బాలిక కేక వేసినది. అందరి ముఖములును వికసించినవి.

విద్యార్థులారా! ఈ దృశ్యము మనకు క్రొత్తది కాదు. గాలివలె, నీటివలె బస్సును గూడ మనము సహజముగా లభించు వస్తువుగా నెంచుచుందుము. కాని ఆ బస్సు ఏల వచ్చినది? ఆ పదిమంది యిచ్చు టిక్కెట్టు డబ్బులతో దాని ఖర్చు గడచుచున్నదా? గడువనిచో తక్కిన సొమ్ము ఎవరిచ్చుచున్నారు? ఎవరును ఈయనిచో నేమగును? ఈ ప్రశ్నలు చిన్నవిగా కనబడును గాని, వీనికి సమాధానము వెదకుచు పోయినచో ప్రజాపాలన యనగా నేమో కొంత తెలియగలదు.

మొదట ఒక లెక్క వేసికొందము. ఇది కేవలము ఊహించిన లెక్క. ఒక బస్సు పట్టణమునుండి పల్లెకు పోయి తిరిగి వచ్చుటకు 2,000 రూపాయలు ఖర్చగు ననుకొందము. డీజిలు ధర, డ్రైవరు కండక్టరుల జీతములు, టైర్ల అరుగుదల, మరమ్మతులు, బీమా, బస్సు పాతబడిన పిదప క్రొత్తది కొనుటకై దాచవలసిన సొమ్ము – ఇవన్నియు అందులో చేరియున్నవి. రానుపోను కలిసి 20 మంది యెక్కి, ఒక్కొక్కరు 30 రూపాయల చొప్పున చెల్లించినచో వచ్చునది 600 రూపాయలు. తక్కువపడునది 1,400 రూపాయలు.

"అట్లయినచో టిక్కెట్టు ధర పెంచరాదా?" అని మీరడుగవచ్చును. పెంచి చూతము. టిక్కెట్టు 100 రూపాయలు చేసినచో 20 మందికి 2,000 రూపాయలు వచ్చునని కాగితముపై కనబడును. కాని మరునాడు 20 మంది యెక్కరు. రైతు మరి నలుగురితో కలిసి ఆటోలో పోవును. ఉద్యోగి మోటారు సైకిలు కొనుక్కొనును. ముసలమ్మ ఆసుపత్రికి పోవుటయే మానుకొనును. వేరు గతిలేని అయిదుగురు మాత్రము బస్సెక్కుదురు. అప్పుడు వచ్చునది 500 రూపాయలు. ధర పెంచిన పిదప వచ్చిన సొమ్ము మునుపటికంటె తక్కువైనది!

నష్టము పెరిగినదని బస్సు నడుపువారు నాలుగు వేళల బస్సును రెండు వేళలకు తగ్గింతురు. సాయంకాలము తిరిగి వచ్చుటకు బస్సు లేదని తెలిసినవాడు ఉదయము వెళ్లు బస్సును గూడ ఎక్కడు. ఎక్కువారు మరింత తగ్గుదురు. ఇట్లు ఒక నష్టము మరియొక నష్టమునకు దారితీయగా, తుదకు ఒకనాడు రావిచెట్టు క్రిందకు బస్సు రానేరాదు.

ఈ కీడును తప్పించుటకు ఉపాయములు ముఖ్యముగా రెండు. మొదటిది, లాభము వచ్చు మార్గముల మిగులుతో నష్టము వచ్చు మార్గములను పోషించుట. ఇంట ఉద్యోగము చేయు అన్న సంపాదనతో తమ్ముని చదివించుట వంటి దిది. పల్లెమార్గముల నష్టమును బస్సు సంస్థలు చిరకాలము ఇట్లే పూడ్చుకొనినవి. కాని ఇందులో ఒక చిక్కు కలదు. లాభము వచ్చు మార్గములలో పోటీకి ఇతర వాహనములు వచ్చి ఆ మిగులును పంచుకొనినచో పల్లెబస్సునకు ఆధారము పోవును. అంతేకాదు, పల్లెబస్సు నష్టమును నిజముగా భరించుచున్నది ఎవరు? రద్దీమార్గమున నిలువబడి ప్రయాణము చేయు సామాన్యుడే. కారులో పోవు ధనవంతుడు అందులో ఒక్క పైసయైనను ఇచ్చుటలేదు.

రెండవ ఉపాయము, ప్రజలు పన్నుల రూపమున చెల్లించిన ధనమునుండి ఆ లోటును పూడ్చుట. దీనినే రాయితీ యందురు. పాఠశాలకు, ఆసుపత్రికి, వీధిదీపమునకు ప్రజాధనము వెచ్చించుచున్నాము గదా! ఆ పాఠశాలకును ఆసుపత్రికిని మనుష్యుని చేర్చు బస్సునకు వెచ్చించుట మాత్రము తప్పెట్లగును? అయినను ఎంత ఈయవలెను, ఏ మార్గమున కీయవలెను, దానిని నిర్ణయించువారెవరు అను ప్రశ్నలు మిగిలియే యుండును. ఈ ప్రశ్నలతో స్థానిక పాలనసంస్థలు ఎక్కువగా పెనగులాడిన దేశములలో ఇంగ్లండు ఒకటి. ఆ కథ తెలిసికొనదగినది.

అక్కడ 1930లో చేసిన చట్టము ప్రకారము బస్సు నడుపు ప్రతి మార్గమునకును అనుమతిపత్రము పొందవలసి యుండెను. అనుమతి పొందిన సంస్థలకు పోటీ తక్కువ. కావున అవి లాభపు మార్గముల మిగులుతో పల్లెమార్గములను నడుపగలిగినవి. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన కొలది సంవత్సరములకే ప్రజలు సొంత కారులు కొనసాగిరి. బస్సులు ఖాళీ కాసాగినవి. పల్లెబస్సుల దుస్థితిని విచారించుటకు ఏర్పడిన జాక్ సంఘము 1961లో తన నివేదిక నిచ్చి, పల్లెబస్సులకు నేరుగా ధనసహాయము చేయుట అవసరమని చెప్పెను. 1968 నాటి రవాణా చట్టము స్థానిక సభలకు అట్టి సహాయము చేయు అధికారము నిచ్చెను.

ఇక లండను నగరపు కథ వినుడు. 1981 మే నెలలో మహానగర పాలకసభకు ఎన్నికలు జరిగెను. తమ్ము గెలిపించినచో బస్సులకును భూగర్భ రైళ్లకును టిక్కెట్టు ధరలు తగ్గింతుమని లేబరు పార్టీవారు ప్రకటించి గెలిచిరి. కెన్ లివింగ్‌స్టన్ ఆ సభకు నాయకుడయ్యెను. అన్నమాట ప్రకారము అక్టోబరు నెలలో ధరలను సగటున నూటికి 32 వంతులు తగ్గించిరి. ప్రయాణికుల సంఖ్య పెరిగెను. తగ్గిన ఆదాయమును పూడ్చుటకై ఇండ్లపైనను వ్యాపారస్థలములపైనను అదనపు పన్ను విధించిరి.

నగరపు ఆగ్నేయ దిశను బ్రామ్లీ యను ప్రాంతము కలదు. దానికి ప్రత్యేకముగా ఒక స్థానిక సభ యున్నది. భూగర్భ రైలు ఆ ప్రాంతమునకు పోదు. తమ ప్రజలు ఎక్కని రైలునకు తమ ప్రజలు పన్ను కట్టుట అన్యాయమని ఆ సభ న్యాయస్థానమున కెక్కెను. మొదటి న్యాయస్థానము మహానగర సభ పక్షమున తీర్పు చెప్పెను. అప్పీలులో ఆ తీర్పు తారుమారాయెను. తుదకు 1981 డిసెంబరు 17వ తేదీన అప్పటికి దేశపు అత్యున్నత న్యాయపీఠముగా నున్న ప్రభువుల సభ గూడ బ్రామ్లీ పక్షముననే తీర్పు చెప్పెను. నగర రవాణాను పొదుపుగా నడుపవలెనని 1969 నాటి చట్టములో నున్నదనియు, పాలకసభ పన్ను చెల్లించువారి సొమ్మునకు ధర్మకర్తవంటిదనియు, ఆ ధర్మమును మరచి ఇంత భారము మోపుట చెల్లదనియు న్యాయమూర్తులు నిర్ణయించిరి. 1982 మార్చి నెలలో ధరలు ఇంచుమించు రెట్టింపయ్యెను. ఎక్కువారు తగ్గిరి.

కథ అంతటితో ముగియలేదు. మహానగర సభవారు చట్టమును మరల చదివిరి. ఎంత ఖర్చు, ఎంత ప్రయోజనము, ఎవరిపై ఎంత భారము అను లెక్కలు సిద్ధపరచి, మితమైన తగ్గింపుతో క్రొత్త ప్రణాళికను వ్రాసిరి. అది న్యాయస్థానమున నిలిచెను. 1983 మే నెలలో ధరలు సుమారు నాలుగవ వంతు తగ్గెను. ఒకే టిక్కెట్టుతో బస్సులోను రైలులోను పోవుటకు వీలైన పద్ధతి గూడ అప్పుడే మొదలాయెను.

ఈ వివాదమున ఇరుపక్షముల మాటయందును సత్యము కలదు. తనకు ఉపయోగపడని దానికి తన సొమ్మేల యని అడుగు హక్కు పన్ను కట్టువానికి కలదు. అయితే బస్సెక్కనివానికి బస్సు వలన లాభమే లేదా? నలువదిమంది బస్సులో పోయినచో వీధిలో అన్ని వాహనములు తగ్గును. కారులో పోవువానికి దారి దొరకును. అతని దుకాణమునకు వచ్చు గుమాస్తాయు, అతని ఇంటికి వచ్చు పనిమనిషియు బస్సులోనే వత్తురు. రేపు అతనికి ముసలితనము వచ్చి కారు నడుపలేనినాడు అతనికి గూడ ఆ బస్సే గతి. కావున అడుగదగిన ప్రశ్న "నేను ఎక్కుచున్నానా?" అని కాదు, "ఇచ్చిన సొమ్మునకు ఊరికి తగిన మేలు కలుగుచున్నదా?" అని. మంచి యుద్దేశమొక్కటియే చాలదు. లెక్కయు చట్టమును దానికి తోడుగా నిలువవలెను.

తరువాత 1985లో అక్కడ మరియొక చట్టము వచ్చెను. 1986 అక్టోబరు 26 నుండి లండను వెలుపల ఏ సంస్థయైనను తాను కోరిన మార్గమున బస్సు నడుపుకొనవచ్చును. లాభము లేని చోట ఎవరును నడుపనిచో, ప్రజల అవసరమునకు తగిన బస్సు నేర్పాటు చేయు బాధ్యత స్థానిక సభలపై బడెను. ఆ సభలు పనిచేయు తీరు మనము గమనింపదగినది. మొదట, ఏ యే ఊళ్లకు బస్సు పోవుచున్నది, ఏ వేళకు పోవుచున్నది అని చూతురు. పాఠశాల, ఆసుపత్రి, సంత, పనిస్థలము – వీనికి చేరలేనివా రెక్కడ నున్నారో గుర్తింతురు. పిమ్మట ఆ మార్గమునకు టెండర్లు పిలుతురు. టెండరులో పద్ధతులు రెండు. ఒకదానిలో టిక్కెట్టు డబ్బంతయు సభకు చేరును. బస్సు నడుపువానికి మొత్తము ఖర్చును సభ యిచ్చును. రెండవదానిలో టిక్కెట్టు డబ్బు నడుపువాడే ఉంచుకొని, లోటు మాత్రమే సభనుండి తీసికొనును. మొదటి పద్ధతిలో ప్రయాణికులు తగ్గినచో నష్టము సభది, రెండవదానిలో నడుపువానిది. అందుచే రెండవ పద్ధతిలో అతడు ప్రయాణికులను ఆకర్షింప యత్నించును. కాని నష్టభయముచే ఎక్కువ సొమ్ము కోరుటయు కద్దు.

ధనము చాలనప్పుడు ఏ మార్గమును నిలుపవలెను? ఒక్కొక్క ప్రయాణికునిపై సభ ఎంత వెచ్చించుచున్నదో లెక్కగట్టి, ఎక్కువ ఖర్చయిన దానిని నిలుపుట సులభమైన త్రోవ. కాని ఆ లెక్క అన్నియు చెప్పదు. పదిమంది వినోదమునకై ఎక్కు బస్సును, నలుగురు రోగులు చికిత్సకై ఎక్కు బస్సును ఒకే త్రాసులో తూచుట న్యాయము కాదు. 2014లో కంబ్రియా, 2016లో ఆక్స్‌ఫర్డ్‌షైరు జిల్లాల సభలు ధనము చాలక బస్సులకిచ్చు సహాయమును పూర్తిగా నిలుపుటకు నిర్ణయించినవి. కొన్ని పల్లెలకు బస్సు పోయెను. అట్టి పల్లెలు కొన్నింట గ్రామస్థులే చిన్న బస్సులు సంపాదించి, జీతము పుచ్చుకొనకుండ వంతులవారీగా నడుపుచున్నారు. మాంచెస్టరు మహానగరము వేరొక త్రోవ త్రొక్కెను. 2023 సెప్టెంబరు మొదలు 2025 జనవరి వరకు మూడు దశలలో బస్సు మార్గములను, వేళలను, ధరలను తిరిగి ప్రజాసంస్థ చేతిలోనికి తీసికొనెను. బస్సు నడుపుట ప్రైవేటు సంస్థల పని. నిర్ణయించుట నగరపు పని.

మన దేశమున గూడ నగరపాలక సంఘములు బస్సులు నడుపుట కద్దు. అహమ్మదాబాదు నగరపాలక సంఘము 1947 ఏప్రిల్ 1 నుండి బస్సులు నడుపుచున్నది. బొంబాయి నగరమున 1926లో మొదలైన బస్సులు 1947 ఆగస్టులో నగరపాలక సంఘమునకు సొంతమైనవి. విద్యుచ్ఛక్తిని సరఫరా చేయుటయు, బస్సులు నడుపుటయు అక్కడ ఒకే సంస్థ పని. దాని పేరు బెస్ట్. చాలకాలము విద్యుచ్ఛక్తి వలన వచ్చిన మిగులు బస్సుల నష్టమును పూడ్చినది. ఆ ఏర్పాటు సాగని పిదప సంస్థ కష్టములలో పడెను. 2019 జూలైలో నగరపాలక సంఘపు ధనసహాయముతో కనీసపు టిక్కెట్టు ధరను 8 రూపాయలనుండి 5 రూపాయలకు తగ్గించిరి, ఎక్కువారు పెరిగిరి. అయినను ఖర్చు పెరుగుచునే యుండుటచే 2025 మే నెలలో దానిని 10 రూపాయలు చేసిరి. పూణే, పింప్రి-చించ్‌వడ్ అను జంటనగరములు 2007లో ఉమ్మడి బస్సు సంస్థ నేర్పరచుకొని లోటును పాళ్లు వేసికొని భరించుచున్నవి.

మన తెలుగునాట బస్సుల భారము ప్రధానముగా రాష్ట్ర సంస్థలది. 1932 జూన్ నెలలో నిజాము రాష్ట్రపు రైల్వేశాఖ 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను ప్రజలకు బస్సులు నడుప నారంభించెను. 1950లో రోడ్డు రవాణా సంస్థల చట్టము వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. రాష్ట్ర విభజన పిదప అది రెండు సంస్థలైనది. 2020 జనవరి 1న ఆంధ్రప్రదేశ్ సంస్థ ఉద్యోగులు ప్రభుత్వ శాఖలో చేరిరి. మన గ్రామ పంచాయతీలు బస్సులు నడుపవు. అయితే రోడ్లు, వంతెనలు, రేవులు మొదలగు రాకపోకల సాధనములు పంచాయతీలకు అప్పగింపదగిన విషయములలో ఒకటిగా రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలులో చేరియున్నవి. రోడ్డు గుంతలు పడినచో బస్సు రాదు. కావున బస్సు విషయమున పంచాయతీకి పనిలేదని అనుకొనరాదు.

ఇటీవల స్త్రీలకు ఉచిత ప్రయాణము కల్పించు పథకములు వచ్చినవి. తెలంగాణమున 2023 డిసెంబరు 9 నుండి మహాలక్ష్మి యనియు, ఆంధ్రప్రదేశమున 2025 ఆగస్టు 15 నుండి స్త్రీశక్తి యనియు అవి అమలులోనికి వచ్చినవి. కూలిపనికి, చదువునకు, పుట్టింటికి పోవు స్త్రీలు బస్సుల నిండ ఎక్కుచున్నారు. తమ సంపాదన తగ్గినదని ఆటో డ్రైవర్లు మొరపెట్టుకొనిరి; సీట్లు చాలుటలేదని తక్కిన ప్రయాణికు లనుచున్నారు. ఆ మాటలు గూడ వినదగినవే. డబ్బు తీసికొనకపోయినను కండక్టరు వారికి ఒక టిక్కెట్టు ఇచ్చును. దానిపై సున్న యుండును. ఏల? ఆ టిక్కెట్టే లెక్క. ఎందరు ఎంతదూరము పోయిరో దానివలన తెలియును. దానినిబట్టి ప్రభుత్వము సంస్థకు సొమ్ము చెల్లింపవలసి యున్నది. బస్సెక్కుట ఉచితము గాని, బస్సు నడుపుట ఉచితము కాదు.

ఇక ధనముతో మాత్రమే అన్ని పనులు కావనుటకు నేను కన్నులార చూచిన యొక సంగతి చెప్పెదను. నేను ప్రధానోపాధ్యాయుడుగా నున్న ఒక పాఠశాలకు దూరపు పల్లెనుండి పదునొకండుగురు బాలికలు బస్సులో వచ్చుచుండిరి. ఒక సంవత్సరము సాయంకాలపు బస్సు వేళ మారెను. బడి గంట కొట్టుటకు పావుగంట ముందే బస్సు వెళ్లిపోవుచుండెను. బాలికలు కొన్నాళ్లు చివరి పాఠము వదలుకొని పోయిరి. తరువాత నలుగురు బడికి రాకపోయిరి. వారి ఊరికి పోయి అడిగితిని. "మాస్టారూ, చీకటి పడ్డాక ఆడపిల్లను ఆ త్రోవన ఎట్లా నడిపించమంటారు?" అని ఒక తండ్రి యనెను. నాయొద్ద సమాధానము లేకపోయెను.

తొమ్మిదవ తరగతి విద్యార్థులు ఒక పని చేసిరి. రెండు వారములపాటు ప్రతిదినము బస్టాండులో నిలిచి, బస్సు కదలునప్పుడు అందులో నెందరున్నారో, బడి విడిచిన పిదప త్రోవలో నెందరు మిగిలిపోవుచున్నారో పుస్తకములో వ్రాసిరి. బస్సులో ఏడెనిమిదిమందికి మించి పోవుట లేదు. మిగిలిపోవువారు ముప్పదిమందికి తక్కువ లేరు. ఆ పట్టికను పంచాయతీ తీర్మానముతో జతచేసి డిపో అధికారికి పంపితిమి. ఒక మాసము గడచిన పిదప బస్సు వేళను అరగంట వెనుకకు జరిపిరి. అందుకై ఎవరును ఒక్క రూపాయి అదనముగా వెచ్చింపలేదు. పైగా టిక్కెట్టు ఆదాయము పెరిగెను. నలుగురు బాలికలలో ముగ్గురు తిరిగి బడికి వచ్చిరి. నాల్గవ బాలికకు అప్పటికే పెండ్లి నిశ్చయమై యుండెను.

ప్రణాళిక యనగా ఇదియే. ఎవరికి, ఎక్కడికి, ఏ వేళకు బస్సు కావలెనో తెలిసికొని, ఉన్న ధనమును దానికి తగినట్లు వినియోగించుట. ఆ మాట ఒక మాసము ముందుగా తెలిసియున్నచో ఆ నాల్గవ బాలిక గూడ పదవ తరగతి చదివెడిదేమో!

విద్యార్థులారా! రేపు మీరు బస్సెక్కునప్పుడు మీ ప్రక్కన కూర్చున్నవారిని చూడుడు. వారు చెల్లించినది కొంత; ఆ బస్సును ఎన్నడును చూడనివారు చెల్లించినది కొంత. సీటును చింపినను, అద్దమును పగులగొట్టినను, టిక్కెట్టు లేక ప్రయాణము చేసినను ఆ పదిమంది సొమ్మును పాడుచేసినట్లే యగును. మీ ఊరికి బస్సు రానిచో విసుగుకొని యూరకుండక, ఎందరికి అవసరమో లెక్క వ్రాసి గ్రామసభలో పెద్దలచే అడిగింపుడు. అడుగని ఊరి అవసరము కార్యాలయమున కూర్చున్న అధికారి కెట్లు తెలియును?

ప్రశ్నలు

1. టిక్కెట్టు ధర పెంచినను ఆదాయము తగ్గుట కెట్లు అవకాశము కలదు? పాఠములోని లెక్కతో వివరింపుడు.
2. బ్రామ్లీ సభవారి వాదమేమి? దానికి మీరిచ్చు సమాధానమేమి?
3. టెండరు పద్ధతులు రెండింటికి గల భేదమును తెలుపుడు.
4. "బస్సెక్కుట ఉచితము గాని, బస్సు నడుపుట ఉచితము కాదు." ఈ వాక్యమును విశదపరుపుడు.
5. మీ ఊరి బస్సులో ఒక వారము దినములు ఏ వేళ నెందరు ఎక్కుచున్నారో పట్టిక వేసి, మీ తరగతిలో చర్చింపుడు.